పంచుకున్నందుకు నోటీసు

డుంబ్రిగుడ చుట్టుపక్కల వారపు సంతల్లో ఒకప్పుడు పాటలు కూడా అమ్మేవారు. క్యాసెట్లూ సీడీల సంగతి కాదు నేను చెబుతున్నది. అల్లం, పసుపు, కొండచీపుర్ల వరస దాటాక ఓ చెక్కబల్ల, దాని మీద పాత కంప్యూటర్‌, కింద బ్యాటరీ. ఫోన్లోంచి మెమరీ కార్డు తీసి ఇస్తే చాలు... ‘కొత్తవా, పాతవా, ఒడియావా?’ అని ఒక్క మాట అడిగి, కార్డు నిండా పాటలూ ఓ రెండు సినిమాలూ ఎక్కించి ఇచ్చేవాడు. ఇరవయ్యో ముప్పయ్యో తీసుకునేవాడు.

ఆ కార్డు ఊరు చేరిందంటే ఇక ఆ పాటలు ఒక్కరివి కావు. చెట్టుకింద కూర్చున్న కుర్రాళ్ల ఫోన్లన్నిటికీ బ్లూటూత్‌లో పాకేవి. తర్వాత్తర్వాత షేరిట్‌, జెండర్‌ వచ్చాయి. 2020 జూన్‌ 29న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 చైనా యాప్‌లలో ఆ రెండూ ఉన్నాయి. అయితేనేం, వాటి చోటులోకి వేరేవి వచ్చాయి. సిగ్నల్‌ కోసం గుట్టెక్కాల్సిన ఊళ్లలో సినిమా అంటే ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు నడిచొచ్చేదే. అది తప్పని ఎవరూ అనుకోలేదు. ఉన్నదాంట్లో నలుగురికీ పెట్టడం తప్పెలా అవుతుంది?

మా పెదనాన్న అక్కడి ఆశ్రమ పాఠశాలలో టీచరుగా చేసి, అరకు-పాడేరు దారిలోనే ఇల్లు కట్టుకుని ఉండిపోయారు. వాళ్లబ్బాయి, అంటే నాకు తమ్ముడు, ఆ బల్ల దగ్గర నేర్చుకున్న కంప్యూటర్‌ బళ్లో నేర్చుకోలేదని పెద్దమ్మ దెప్పేది. వాడే విశాఖలో ఇంజినీరింగ్‌ చదివి, పైచదువుకు జర్మనీ వెళ్లాడు. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో చదువుకు ఫీజు ఉండదు కాబట్టే పింఛను మీద బతికే ఇల్లు అంత ధైర్యం చేయగలిగింది.

ఓ రాత్రి పెదనాన్న ఫోన్‌ చేశారు. ‘‘ఏటమ్మా ఇది? కోర్టు కాయితంలాగుంది. నీకు లాయర్లతో పనులుంటాయి కదా, ఓపాలి చూడు’’ అంటూ తమ్ముడు పంపిన ఫొటోలు నాకు పంపారు. పేజీల కొద్దీ జర్మన్‌. అందులో చదవకుండానే అర్థమయ్యేవి రెండే... తమ్ముడి పేరు, కింద వెయ్యి యూరోలకు కాస్త తక్కువగా ఓ అంకె.

వెయ్యి యూరోలంటే ఎంతో ఆ ఇంటికి బాగా తెలుసు. విద్యార్థి వీసా కావాలంటే ఏడాది ఖర్చును ముందే జర్మనీలో ఒక ఖాతాలో వేసి చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి ఆ లెక్క నెలకు 992 యూరోలు. అంటే అద్దె, తిండి, బస్సు అన్నీ కలిపి ఒక నెల బతుకు ఆ ఉత్తరంలో అడిగారన్నమాట.

‘‘అక్కా, ఒట్టు... ఆ సినిమా నేను చూడనే లేదు’’ అన్నాడు వాడు. అబద్ధం కాదు. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు తెలుగు కుర్రాళ్లు. నెట్‌ కనెక్షన్‌ మాత్రం వీడి పేరున ఉంది.

తింటూనే వడ్డన

ఇంతకీ ఎవరో ఇంట్లో కూర్చుని ఓ ఇంగ్లిష్‌ సినిమా చూస్తే మ్యూనిక్‌లోనో బెర్లిన్‌లోనో ఉన్న లాయరుకు ఎలా తెలిసింది?

దీనికి టోరెంట్‌ పనితీరు తెలియాలి. 2001లో బ్రామ్‌ కోహెన్‌ అనే అమెరికన్‌ ప్రోగ్రామర్‌ బిట్‌టోరెంట్‌ రూపొందించాడు. పెద్ద ఫైలును ఒకే చోట నుంచి అందరూ లాక్కుంటే ఆ కంప్యూటర్‌ కుదేలవుతుంది. అందుకని దాన్ని వందలాది ముక్కలు చేస్తారు. ఒక ముక్క మీకు అందగానే మీ కంప్యూటరే దాన్ని ఇంకొకరికి అందిస్తుంది. బంతి భోజనంలో కూర్చుని తింటూనే పక్క విస్తట్లో వడ్డిస్తున్నట్టన్నమాట. పైకి అచ్చం యూట్యూబ్‌లా కనిపించే కొన్ని యాప్‌లు కూడా లోపల ఇదే పని చేస్తాయి. చూసేవాడు తాను చూస్తున్నాననే అనుకుంటాడు. తన కంప్యూటర్‌ పంచిపెడుతోందన్న సంగతి తెలియదు.

దొరికేది ఈ వడ్డన దగ్గరే. సినిమా కంపెనీల తరఫున నిఘా సంస్థలు అదే బంతిలో వచ్చి కూర్చుంటాయి. తమకు ముక్క అందించిన ప్రతి కంప్యూటర్‌ ఐపీ నంబరు, తేదీ, గంట, నిమిషం, సెకను రాసుకుంటాయి. ఐపీ అంటే నెట్‌లో ఇంటి డోర్‌ నంబరు లాంటిది. ఆ క్షణాన ఆ నంబరు ఎవరికి కేటాయించారో ఇంటర్నెట్‌ కంపెనీకి మాత్రమే తెలుసు. జర్మనీలో లాయర్లు కోర్టు అనుమతితో ఆ పేరు తీసుకుంటారు. ఆ తర్వాత ఇంటికి వచ్చే ఉత్తరాన్ని అబ్‌మానుంగ్‌ అంటారు. నష్టపరిహారం, లాయరు ఫీజు, దాంతోపాటు ‘ఇక జన్మలో ఈ పని చేయను, చేస్తే ఇంత కడతాను’ అనే హామీపత్రం. లాయరు ఫీజుకు 2013లో చట్టం పరిమితి పెట్టింది కానీ, నష్టపరిహారం దాంతో సంబంధం లేకుండా వేరే లెక్క.

ఈ ముక్క అర్థమయ్యాక నాకో సంగతి తట్టింది. ఆ ఉత్తరం సినిమా తీసుకున్నందుకు వచ్చింది కాదు, ఇచ్చినందుకు వచ్చింది. ‘ఒక్కడివే తినకు, పక్కవాడికీ పెట్టు’ అని మనం పిల్లలకు నేర్పేదాన్నే అక్కడ నేరాల చిట్టాలో రాశారు.

అమెరికాలో హెచ్చరికలు

అమెరికాలో పద్ధతి వేరు. 1998లో వచ్చిన డిజిటల్‌ కాపీరైట్‌ చట్టం కింద సినిమా, సంగీత కంపెనీలు నోటీసును ఇంటర్నెట్‌ కంపెనీకి పంపుతాయి. ఆ కంపెనీ దాన్ని మనకు పంపుతుంది. క్యాంపస్‌లో ఉండే విద్యార్థికైతే విశ్వవిద్యాలయమే పంపుతుంది. 2013 ఫిబ్రవరిలో అక్కడి ఐదు పెద్ద ఇంటర్నెట్‌ కంపెనీలు ఆరు హెచ్చరికల పద్ధతి కూడా మొదలుపెట్టాయి. మొదట్లో మెత్తగా చెప్పడం, తర్వాత నెట్‌ వేగం తగ్గించడం లాంటివి. 2017 జనవరిలో దాన్ని ఎత్తేశారు. మామూలు నోటీసులు మాత్రం ఆగలేదు.

నోటీసును లెక్క చేయకపోతే? మినెసోటాకు చెందిన ఓ తల్లి 24 పాటల దగ్గర దొరికింది. రాజీకి ఒప్పుకోక కోర్టుకెక్కింది. 2007లో జ్యూరీ 2 లక్షల 22 వేల డాలర్లు కట్టమంది. మళ్లీ విచారణ జరిగితే 2009లో ఆ మొత్తం 19 లక్షల 20 వేల డాలర్లయింది. చివరికి 2012లో అప్పీలు కోర్టు మొదటి అంకెనే ఖాయం చేసింది. ఇరవై నాలుగు పాటలకు! అక్కడి చట్టంలో ఒక్కో పాటకు 750 నుంచి 30 వేల డాలర్ల దాకా, తెలిసి చేశారని తేలితే లక్షా 50 వేల దాకా వేయొచ్చు మరి.

ఇంటర్నెట్‌ కంపెనీలకూ ఈ సెగ తప్పలేదు. పదేపదే పట్టుబడిన ఖాతాదారుల కనెక్షన్లు తీసేయలేదంటూ 2019లో వర్జీనియా జ్యూరీ కాక్స్‌ అనే కంపెనీకి వంద కోట్ల డాలర్లు వడ్డించింది. 2024లో అప్పీలు కోర్టు ఆ మొత్తాన్ని కొట్టేసింది. 2025లో వ్యవహారం సుప్రీంకోర్టు మెట్లెక్కింది. బ్రిటన్‌లో మాత్రం 2017 నుంచి కొన్నాళ్లు జరిమానా ఊసే లేకుండా, సినిమాలు సక్రమంగా ఎక్కడ దొరుకుతాయో చెబుతూ ఉత్తరాలు పంపారు.

మన దగ్గర తలుపుకే తాళం

మరి మనకెందుకు రాలేదు ఇలాంటి ఉత్తరం? ఇక్కడ మనిషిని వెతికే బదులు వెబ్‌సైటు తలుపుకు తాళం వేయడం అలవాటైంది కాబట్టి.

2012లో ధనుష్‌ ‘3’, జూనియర్‌ ఎన్టీఆర్‌ ‘దమ్ము’ సినిమాల కోసం మద్రాసు హైకోర్టు నుంచి ఓ ఆదేశం తెచ్చారు. ఊరూ పేరూ తెలియని ప్రతివాదిని అమెరికాలో ‘జాన్‌ డో’ అంటారు, మన కోర్టుల్లో ‘అశోక్‌ కుమార్‌’ అంటారు. ఆ అశోక్‌ కుమార్‌ మీద వచ్చిన ఆదేశంతో ఇంటర్నెట్‌ కంపెనీలు ఏకంగా సైట్లకు సైట్లే మూసేశాయి. దొంగ సినిమాలతో సంబంధం లేని వీడియోల సైటు కూడా అందులో పోయింది. మూయాల్సింది ఆ సినిమా ఉన్న చిరునామాలనే కానీ మొత్తం సైట్లను కాదని జూన్‌లో కోర్టే వివరించాల్సి వచ్చింది.

2016 ఆగస్టులో ఇంకో విచిత్రం జరిగింది. మూసిన సైటు తెరిస్తే తెర మీద ఓ హెచ్చరిక ప్రత్యక్షమయ్యేది. ఇక్కడున్నది చూసినా, దించుకున్నా మూడేళ్ల జైలు, మూడు లక్షల జరిమానా అన్నది దాని సారాంశం. దేశమంతా హడలిపోయింది. ఒకరకంగా మన ఇళ్లకు వచ్చిన నోటీసు అదే. అదే నెలలో బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్‌ గౌతమ్‌ పటేల్‌, ఊరికే చూడటం నేరం కాదని చెప్పి ఆ మాటలు మార్పించారు. కాపీలు చేయడం, పంచడం, డబ్బుకు ప్రదర్శించడం మాత్రం నేరాలే. 1957 కాపీరైట్‌ చట్టంలోని 63వ సెక్షన్‌ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. థియేటర్లో కెమెరా పెట్టి సినిమాను కాపీ చేసేవారి కోసం 2023లో సినిమాటోగ్రాఫ్‌ చట్టానికి పదును పెట్టారు. జరిమానా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా ఉండొచ్చు.

మన తాళాలకు మారుతాళాలు తయారవుతూనే ఉంటాయని ‘ఐబొమ్మ’ చెప్పింది. దాన్ని నడుపుతున్నాడన్న ఆరోపణతో హైదరాబాద్‌ సైబర్‌క్రైం పోలీసులు 2025 నవంబరులో ఒకరిని అరెస్టు చేసేదాకా ఆ పేరు తెలియని తెలుగు ఇల్లు తక్కువ.

ఇచ్చి పుచ్చుకోవడం ఎక్కడికి దారితీస్తుందో మన రాష్ట్రంలోనే ఒకసారి చూశాం. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ విడుదల కాకముందే దాదాపు గంటన్నర సినిమా బయటికొచ్చేసింది. అదేదో అంతర్జాతీయ ముఠా పని అనుకున్నారంతా. పోలీసులు తీగ లాగితే సినిమాకు పనిచేసిన సహాయకుడి దగ్గర తేలింది. అతను డిస్కు కాపీ చేసి ఒక స్నేహితుడికి ఇచ్చాడు. ఆ స్నేహితుడు ఇంకొకరికిచ్చాడు. అలా చేతులు మారి కృష్ణా జిల్లా పెడనలో సీడీల దుకాణానికి చేరి అమ్మకానికొచ్చింది. అక్టోబరు 9న అనుకున్న సినిమాను నిర్మాత హడావుడిగా సెప్టెంబరు 27కే విడుదల చేసుకోవాల్సి వచ్చింది. అదృష్టం, జనం ఆదరించారు. అన్ని సినిమాలకూ ఆ అదృష్టం ఉండదు. మొదట ఇచ్చినవాడు ‘మనోడే కదా’ అనుకునే ఇచ్చి ఉంటాడు. మెమరీ కార్డు ఇచ్చుకున్న మా తమ్ముడి చిన్ననాటి నేస్తాలు అనుకున్నట్టే.

పేరు చెప్పాలా?

తమ్ముడు విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు ఉచితంగా సలహాలిచ్చే లాయరును కలిశాడు. ఆయన ముందు మూడు జాగ్రత్తలు చెప్పారు. ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేయొద్దు, గడువు దాటనివ్వొద్దు. హామీపత్రం మీద ఉన్నదున్నట్టు సంతకం పెట్టొద్దు, అది ఏళ్ల తరబడి మెడకు చుట్టుకుంటుంది. భయపడి వెంటనే మొత్తం డబ్బు కట్టొద్దు. ఆ తర్వాత అసలు ప్రశ్న అడిగారు. ‘‘నువ్వు కాకపోతే ఎవరు?’’

తెలిసిన విషయమే. గదిలో ఉండే గుంటూరు కుర్రాడు పెట్టాడు ఆ సినిమా. ముందురోజే ఒప్పుకొని కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. వాడిదీ అప్పు చేసి వచ్చిన చదువే.

ఈ ప్రశ్న జర్మనీ అత్యున్నత న్యాయస్థానం ముందుకు చాలాసార్లు వచ్చింది. ఇంటికొచ్చిన పెద్దవాళ్లు చేసిన పనికి, వాళ్ల మీద అనుమానపడే కారణమేదీ లేనప్పుడు, కనెక్షన్‌ యజమాని బాధ్యుడు కాడని 2016లో తేల్చింది. ఆ కేసులో సినిమా దించుకున్నది ఆస్ట్రేలియా నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఓ బంధువుల అమ్మాయి. 2017లో వచ్చిన కేసు ఇంకా మెలికైంది. ముగ్గురు ఎదిగిన పిల్లలున్న ఇంట్లో ఒకరు రిహానా ఆల్బమ్‌ పంచారు. ఎవరో తల్లిదండ్రులకు తెలుసు. పేరు మాత్రం చెప్పమన్నారు. కన్నబిడ్డను పట్టించమని చట్టం బలవంతపెట్టదు, అయితే చెప్పనందుకు వచ్చే నష్టం మీరే మోయాలంది కోర్టు. దాదాపు 3,500 యూరోలు ఆ దంపతుల మీద పడ్డాయి.

ఆ తీర్పు గురించి చెబితే పెదనాన్న కాసేపు మాట్లాడలేదు. ‘‘నానైనా చెప్పను కదమ్మా’’ అన్నారు చివరికి.

తమ్ముడూ పేరు చెప్పలేదు. లాయరు సాయంతో హామీపత్రం మాటలు మార్పించి, మొత్తం తగ్గించమని రాసి, వాయిదాల్లో కట్టడానికి ఒప్పించారు. గుంటూరు కుర్రాడు అంతా తానే కడతానన్నాడు. మిగతా ఇద్దరూ ఒప్పుకోలేదు. మూడు భాగాలు చేసుకున్నారు. ఆ కొన్ని నెలలూ శని, ఆదివారాలు తమ్ముడు గోదాములో పెట్టెలు మోశాడు. ఇంటి నుంచి పైసా అడగలేదు.

పేరులేని పాట

ఈ గొడవంతా నడిచిన రోజుల్లోనే నేను ఓ పెళ్లికి డుంబ్రిగుడ మండలం వెళ్లాను. రాత్రి మోరీ, తుడుము మోగుతుంటే ఆడవాళ్లు ఒకరి నడుం ఒకరు పట్టుకుని థింసా ఆడారు. చుట్టూ పది ఫోన్లు లేచాయి. తెల్లారేసరికి ఆ పాట ఎవరి చానల్లోనో ఎక్కిపోయింది. కింద పాడినవాళ్ల పేర్లు లేవు, ఊరి పేరూ లేదు.

సినిమాకైతే విడుదలయ్యాక 60 ఏళ్ల పాటు యజమాని ఉంటాడు. ఎప్పుడో ఎవరో కట్టిన కొండపాటకు అలాంటి యజమాని ఉండడు. కానీ దాన్ని ఆ రాత్రి పాడిన గొంతుకు మాత్రం హక్కుంది. కాపీరైట్‌ చట్టం 38వ సెక్షన్‌ కళాకారుల ప్రదర్శనకు 50 ఏళ్ల హక్కిచ్చింది. అడక్కుండా రికార్డు చేసి అమ్ముకోవడం ఆ హక్కుకు గండికొట్టడమే. అయితే ఆ పెద్దమ్మల తరఫున నిఘా సంస్థలేవీ ఐపీ నంబర్లు రాసుకోవు. ఆ పాట మీద చానలుకు వచ్చే డబ్బులు చూసి నోటీసు పంపే లాయరూ ఉండడు.

నోటీసు రాలేదు కాబట్టి తప్పు లేదని అనుకోవడం సులువు. నోటీసు వచ్చింది కాబట్టి పంచుకోవడమే పాపమనుకోవడమూ సులువే. తమ్ముడికి అప్పుడు చెప్పాలనిపించింది రెండూ కావు. పంచేముందు అది ఎవరిదో అడగాలి, అంతే. సినిమా అయితే దాన్ని తీసినవాళ్లది, పాట అయితే పాడినవాళ్లది. సంతలో మెమరీ కార్డు నింపిన రోజుల్లో ఈ ప్రశ్న అడిగే పెద్దవాళ్లు మన ఇళ్లలో లేరు. కొనుక్కుందామన్నా దొరికే దారి ఆ కొండల్లో లేదు. ఇప్పుడు నెలకు కొంత కడితే ఇంటిల్లిపాదీ చూసే దారులున్నాయి. ప్రశ్న మాత్రం ఇంకా అడగడం మొదలుపెట్టలేదు.

ఒక్క మాట చెప్పి పంపండి

పిల్లలున్న ఇళ్లు గుర్తుంచుకోవాల్సిన తీర్పు ఇంకొకటుంది. ఇదీ జర్మనీదే, 2012 నవంబరులో వచ్చింది. పదమూడేళ్ల కుర్రాడి కంప్యూటర్లో పంచడానికి సిద్ధంగా 1,147 పాటల ఫైళ్లు దొరికాయి. సంగీత కంపెనీలు తల్లిదండ్రులను కోర్టుకీడ్చాయి. కింది కోర్టులు తల్లిదండ్రులదే తప్పన్నాయి. పై కోర్టు కాదంది. మామూలుగా మాట వినే పిల్లవాడికి ‘ఇది చేయకూడదు’ అని ఒకసారి తెలియజెప్పి ఉంటే చాలు, రోజూ వాడి కంప్యూటర్‌ తెరిచి సోదా చేయనక్కర్లేదని చెప్పింది. ఆ తల్లిదండ్రులు చెప్పారు కాబట్టి బయటపడ్డారు.

మన పిల్లలు ఏటా వేలల్లో విమానమెక్కుతున్నారు. టికెట్లు, వీసా కాయితాలు, ఆవకాయ సీసా, ప్రెషర్‌ కుక్కరు... అన్నీ సరిచూస్తాం. నెట్‌ కనెక్షన్‌ ఎవరి పేరున తీసుకుంటున్నావని అడిగేవాళ్లు ఎంతమంది? అడగండి. గదిలో కొత్తగా చేరినవాడికి పాస్‌వర్డ్‌ ఇచ్చేముందు ఈ ఉత్తరాల సంగతి చెప్పమనండి. ఊరికే వచ్చే సినిమా ఊరికే రాదని, చూస్తున్నామనుకున్నది వెనక నుంచి పంచుతూ ఉండొచ్చని చెప్పండి. ఉత్తరమే వస్తే దాచిపెట్టకుండా మొదట ఇంటికి ఫోన్‌ చేయమనండి.

మా తమ్ముడి గదిలో ఇప్పుడు నాలుగో కుర్రాడు చేరాడు, శ్రీకాకుళం నుంచి. దిగిన రోజే పాస్‌వర్డ్‌ అడిగాడట. ముందు అన్నం పెట్టి, తర్వాత ఉత్తరం చూపించి, ఆ తర్వాతే ఇచ్చారు.